ఇంగ్లిష్ వదులుకున్న 'నువ్వు': 'దౌ' వాక్యంలో నడిచే తీరు

పాత ఇంగ్లిష్ ప్రార్థనల్లో, పద్యాల్లో, నాటకాల్లో తరచుగా ఎదురయ్యే 'దౌ' (thou) అన్న సర్వనామాన్ని చాలామంది పాఠకులు అతి గౌరవవాచకంగా భావిస్తారు. దేవుణ్ణి సంబోధించేటప్పుడు వినిపించే మాట కాబట్టి అది 'తమరు', 'దేవరవారు' వంటి మాటల కోవకు చెందినదని అనుకోవడం సహజమే. వాస్తవం దీనికి పూర్తిగా ఎదురుగా ఉంది. 'దౌ' అంటే అచ్చంగా 'నువ్వు'. ఒకే ఒక్క మనిషిని, అదీ బాగా దగ్గరివాణ్ణో తనకన్నా కింది అంతస్తువాణ్ణో పిలిచే మాట అది. 'మీరు' స్థానంలో ఉండినది 'యూ'. నేటి ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు పసిపిల్లల్ని సైతం ఒకనాటి 'మీరు'తోనే పిలుస్తున్నారన్నమాట. 'నువ్వు'ను ఆ భాష తన ప్రామాణిక వాడుకలోంచి సుమారు 300 ఏళ్ల కిందటే వదిలేసింది.

ఈ మాట ఉన్న వాక్యాన్ని సరిగా చదవాలంటే వాక్యంలో దాని స్థానం, దాని వెంట వచ్చే క్రియారూపం, మాట్లాడేవాళ్ల మధ్య ఉన్న సంబంధం, ఈ మూడింటినీ కలిపి చూడాలి. మూడోదాన్ని పట్టించుకోకపోతే మొదటి రెండూ ఉత్త వ్యాకరణపు లెక్కలుగా మిగిలిపోతాయి. ఆ మూడోది ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకు ఇప్పుడు పాఠంలా నేర్పవలసి వస్తోంది. తెలుగువాళ్లకు అది రోజూ నోట్లో నానే వ్యవహారం.

రూపాల సంగతి చూడటానికి తెలుగునేల మీదే తయారైన ఒక ఇంగ్లిష్ పాఠం బాగా పనికివస్తుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలోని బిసెంట్ థియొసాఫికల్ కాలేజీలో బస చేసినప్పుడు 'జనగణమన'ను 'ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అనే పేరుతో ఇంగ్లిష్‌లోకి అనువదించారు. అది 'దౌ ఆర్ట్ ది రూలర్ ఆఫ్ ది మైండ్స్ ఆఫ్ ఆల్ పీపుల్' అని మొదలవుతుంది. ఇక్కడ 'దౌ' కర్త, అంటే 'నీవు'. మూలంలో 'తవ శుభ నామే జాగే' అన్నచోట ఆయన 'దై నేమ్' అన్నారు. 'దై' అంటే 'నీ'. 'జయహే' దగ్గర 'విక్టరీ టు దీ' అన్నారు. 'దీ' అంటే 'నీకు', మరోచోట 'నిన్ను'. ప్రథమా విభక్తికి ఒక రూపం, షష్ఠికి ఒక రూపం, ద్వితీయా చతుర్థులకు ఉమ్మడిగా మరో రూపం అన్నమాట. మూలంలోని 'తవ' సంస్కృత ఏకవచనం కాబట్టి దానికి ఇంగ్లిష్‌లో సరిగ్గా సరిపోయే ఏకవచనాన్నే ఠాగూర్ తీసుకున్నారు. పైగా సంస్కృతంలోని 'త్వమ్', లాటిన్‌లోని 'తూ', హిందీలోని 'తూ', ఇంగ్లిష్‌లోని 'దౌ' అన్నీ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి పుట్టినవి. మన జాతీయ గీతంలో ఉన్న 'తవ'కూ ఈ 'దై'కీ ఉన్నది రక్తసంబంధమే.

నాలుగో రూపం 'దైన్'. దీనికి రెండు పనులున్నాయి. ఒకటి, నామవాచకం లేకుండా విడిగా నిలిచి 'నీది' అనే అర్థాన్ని ఇవ్వడం. ప్రభువు ప్రార్థన చివర వచ్చే 'దైన్ ఈజ్ ది కింగ్‌డమ్' అంటే 'రాజ్యం నీది' అని. రెండోది, అచ్చుతో మొదలయ్యే మాట ముందు 'దై'కి బదులుగా రావడం: 'దై నేమ్' అంటారు కానీ కన్ను విషయంలో 'దైన్ ఐ' అంటారు. 'ఎ', 'ఆన్'ల మధ్య ఉన్న సర్దుబాటే ఇక్కడా ఉంది. హకారం ముందు మాత్రం పాత రచయితలు రెండు రకాలుగానూ రాశారు.

క్రియ విషయానికి వస్తే, తెలుగులో 'నువ్వు వచ్చావు', 'మీరు వచ్చారు' అని క్రియ చివర మారినట్టే 'దౌ' వచ్చిన వాక్యంలో ఇంగ్లిష్ క్రియ కూడా మారుతుంది. సాధారణంగా చివర 'ఎస్ట్' గానీ 'స్ట్' గానీ చేరుతుంది: 'దౌ నోయెస్ట్' అంటే నీకు తెలుసు, 'దౌ కేమెస్ట్' అంటే నువ్వు వచ్చావు. ఎక్కువ వాడుకలో ఉన్న క్రియలకు సొంత రూపాలున్నాయి. 'ఆర్' స్థానంలో 'ఆర్ట్', 'వర్' స్థానంలో 'వాస్ట్' లేదా 'వర్ట్', 'హావ్' స్థానంలో 'హాస్ట్', 'డూ' స్థానంలో 'డస్ట్', 'షల్' స్థానంలో 'షాల్ట్', 'విల్' స్థానంలో 'విల్ట్' వస్తాయి. 'మస్ట్' మారదు. ఆజ్ఞార్థకంలోనూ ఏ ప్రత్యయమూ చేరదు. 'గో దౌ' అంటే 'నువ్వు వెళ్లు'. సందేహాన్ని, షరతును తెలిపే వాక్యంలోనూ అంతే: అరణ్యంలో శోధించవచ్చిన సాతాను యేసుతో 'ఇఫ్ దౌ బీ ది సన్ ఆఫ్ గాడ్' అంటాడు, 'ఇఫ్ దౌ ఆర్ట్' అనడు. ప్రశ్న వేయాలంటే 'డూ' సాయం అక్కర్లేదు, క్రియను ముందుకు తెస్తే చాలు: 'నోయెస్ట్ దౌ?' జూలియెట్ అడిగే 'వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో?' అన్న వాక్య నిర్మాణం ఇదే. అక్కడ 'వేర్‌ఫోర్' అంటే 'ఎక్కడ' కాదు, 'ఎందుకు'. 'నువ్వు రోమియోవి ఎందుకయ్యావు' అని, అంటే శత్రువుల ఇంట ఆ పేరుతో ఎందుకు పుట్టావని ఆమె బాధ. 'రోమియో, ఎక్కడున్నావు' అని అర్థం చేసుకుంటే, వెంటనే వచ్చే 'డినై దై ఫాదర్ అండ్ రెఫ్యూజ్ దై నేమ్' అన్న మాటకు అతుకే కుదరదు.

ఈనాడు పాత ఇంగ్లిష్‌ను అనుకరించి రాసేవాళ్లు ఎక్కువగా పొరపడే చోటు ఒకటుంది. 'ఎత్' అనే ప్రత్యయాన్ని ప్రాచీనత కోసం చల్లే అలంకారంలా భావించి 'దౌ గోయెత్', 'ఐ హాత్' అని రాస్తుంటారు. 'ఎత్' ప్రథమపురుష ఏకవచనానికి, అంటే 'అతడు', 'ఆమె', 'అది'లకు మాత్రమే చెందింది. ఈ తేడాను చూపడానికి 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లోని 23వ కీర్తనకు మించిన ఉదాహరణ దొరకదు. 'ది లార్డ్ ఈజ్ మై షెపర్డ్' అని మొదలై 'హీ మేకెత్', 'హీ లీడెత్' అంటూ దేవుణ్ణి గురించి ఇతరులకు చెబుతున్నట్టుగా సాగుతుంది. మరణపు నీడ కమ్మిన లోయ ప్రస్తావన రాగానే 'ఫర్ దౌ ఆర్ట్ విత్ మీ' అని మలుపు తిరిగి, ఆపైన 'దౌ ప్రిపేరెస్ట్ ఎ టేబుల్ బిఫోర్ మీ' అని సాగుతుంది. అంతదాకా దేవుణ్ణి గురించి చెబుతున్నవాడు భయం ఎదురైన క్షణాన దేవుడితోనే మాట్లాడటం మొదలుపెట్టాడు. తెలుగు బైబిల్‌లో 'నీవు నాకు తోడై యుందువు' అన్నచోట జరిగేది కూడా ఇదే. 'ఎత్' నుంచి 'ఎస్ట్'కు జరిగిన మార్పులోనే కీర్తనకారుడి మనసు మళ్లిన వైపు కనిపిస్తుంది. ప్రత్యయాలను ఇష్టం వచ్చినట్టు చల్లితే పోయేది సరిగ్గా ఇదే.

ఆ బైబిల్ అనువాదకులు 'దౌ'ను గంభీరంగా వినిపిస్తుందని తీసుకోలేదు. 1526లో వెలువడిన విలియం టిండేల్ కొత్త నిబంధన నుంచి వస్తున్న పద్ధతినే వాళ్లు అనుసరించారు. హీబ్రూ, గ్రీకు మూలాల్లో ఏకవచన బహువచనాలకు వేర్వేరు సర్వనామాలున్నాయి కాబట్టి, ఒక్కరైతే 'దౌ', పలువురైతే 'యీ' ('యూ'కు అప్పటి కర్త రూపం) అని వాళ్లు ఖచ్చితంగా పాటించారు. అందువల్ల దేవుడూ 'దౌ'యే, సాతానూ 'దౌ'యే. యోహాను సువార్త 3వ అధ్యాయంలో యేసు నీకొదేము అనే యూదు పెద్దతో అనే మాట ఆ అనువాదంలో 'మార్వెల్ నాట్ దట్ ఐ సెడ్ అంటు దీ, యీ మస్ట్ బీ బార్న్ అగైన్' అని ఉంది. 'నీతో చెప్పాను' అనేది ఏకవచనం, 'మీరు తిరిగి పుట్టాలి' అనేది బహువచనం. చెబుతున్నది ఒక్కడితో, చెప్పిన విషయం మాత్రం అతని వంటి వాళ్లందరికీ వర్తించేది. నేటి ఇంగ్లిష్ అనువాదాల్లో రెండుచోట్లా 'యూ' అనే వస్తుంది కాబట్టి ఈ సంగతి అడుగున సూచిక రాస్తే తప్ప తెలియదు. లూకా సువార్త 22వ అధ్యాయంలోనూ అంతే. సాతాను 'మిమ్మల్ని' గోధుమల్లా జల్లించడానికి కోరాడు, నేను మాత్రం 'నీ' కోసం ప్రార్థించాను అని యేసు తన శిష్యుడు సీమోనుతో అంటాడు. ప్రమాదం శిష్యులందరికీ, ప్రార్థన ప్రత్యేకించి సీమోను కోసం. 'యూ', 'దీ'ల తేడా పోతే ఆ వాక్యంలో సగం అర్థం పోతుంది.

అంతకు ఎంతో ముందే, 1066లో ఇంగ్లండ్‌ను నార్మన్లు జయించాక ఫ్రెంచ్ పాలకుల భాష అయింది. ఫ్రెంచ్‌లో పెద్దవాళ్లను బహువచనంతో పిలిచే మర్యాద ఉంది. 13వ శతాబ్దం నుంచి అది ఇంగ్లిష్‌లోకీ దిగింది. ఒక్క మనిషినే అయినా, గౌరవించదగినవాడైతే బహువచనంతో పిలవడం మొదలైంది. అక్కడితో 'దౌ' వట్టి సంఖ్యావాచకంగా మిగలకుండా సంబంధవాచకం కూడా అయింది. షేక్‌స్పియర్ కాలానికి పరిస్థితి తెలుగు పాఠకుడికి బాగా పరిచయమైన రూపానికి వచ్చింది. మర్యాదస్తులు తమలో తాము 'యూ' అనుకునేవాళ్లు. సేవకుల్ని, పిల్లల్ని, ప్రేమించినవాళ్లని, చనిపోయినవాళ్లని, దేవుణ్ణి 'దౌ' అనేవాళ్లు. కోపం వస్తే ఎవరినైనా 'దౌ' అనేవాళ్లు.

ఈ చివరి వాడుకకు న్యాయస్థానపు సాక్ష్యమే ఉంది. 1603 నవంబర్‌లో వించెస్టర్‌లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణ జరిగింది. రాణి ఎలిజబెత్ కొలువులో ఎంతో ప్రాభవం అనుభవించిన రాలీని ఉద్దేశించి అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ 'ఐ దౌ దీ, దౌ ట్రైటర్' అని గద్దించాడు. ఈ చిన్న వాక్యంలో మొదటి 'దౌ' క్రియ, 'నువ్వు అని పిలవడం' అని దాని అర్థం. 'దీ' దానికి కర్మ. రెండో 'దౌ' తిట్టుకు ముందు వచ్చే సంబోధన. 'నిన్ను నువ్వనే అంటాను, ద్రోహీ' అని తాత్పర్యం. మన పత్రికల్లో ఎవరైనా నాయకుడు ప్రత్యర్థిని 'ఏకవచనంతో సంబోధించాడు' అని వార్త వస్తే అది అవమానమని విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆనాటి ఇంగ్లండ్‌లోనూ అక్కర్లేకపోయింది. కోక్ గొప్పతనమల్లా ఆ అవమానాన్ని పేరు పెట్టి మరీ చెప్పడం. అదే కాలపు నాటకం 'ట్వెల్ఫ్త్ నైట్'లో ద్వంద్వయుద్ధానికి సవాలు రాయబోయే వాడికి సర్ టోబీ ఇచ్చే సలహా కూడా ఇదే: అవతలివాణ్ణి ఓ మూడుసార్లు 'దౌ' అన్నా తప్పులేదు.

నాటకకర్త చేతిలో ఈ తేడా ఎంత సున్నితమైన పనిముట్టు అయిందో 'హామ్లెట్' మూడో అంకం నాలుగో రంగంలో కనిపిస్తుంది. తండ్రి చనిపోయిన కొద్దికాలానికే తల్లి గెర్‌ట్రూడ్ ఆయన తమ్ముడు క్లాడియస్‌ను పెళ్లాడింది. ఆ క్లాడియస్‌కు కోపం తెప్పించాడని మందలించడానికి ఆమె కొడుకును పిలిపించి, 'హామ్లెట్, దౌ హాస్ట్ దై ఫాదర్ మచ్ అఫెండెడ్' అంటుంది. తల్లి కొడుకును 'నువ్వు' అనడం ఆప్యాయత, చనువు. హామ్లెట్ దాదాపు అవే మాటలు తిప్పి అంటాడు: 'మదర్, యూ హావ్ మై ఫాదర్ మచ్ అఫెండెడ్.' ఆమె చెప్పిన తండ్రి క్లాడియస్, అతను చెప్పిన తండ్రి చనిపోయినవాడు. 'హాస్ట్' పోయి 'హావ్' వచ్చింది. తల్లి చూపిన చనువును కొడుకు మర్యాదతో తోసిపుచ్చాడు. వెంటనే ఆమె కూడా 'యూ ఆన్సర్ విత్ యాన్ ఐడిల్ టంగ్' అని 'యూ'లోకి మారిపోతుంది. కోపం వచ్చిన తల్లి కొడుకును దూరం పెట్టి 'మీరు' అనడం తెలుగు ఇళ్లలోనూ విన్నదే. ఆ రంగం ముందుకు సాగి, కొడుకు మాటలు గుండెల్లో దిగాక, 'ఓ హామ్లెట్, దౌ హాస్ట్ క్లెఫ్ట్ మై హార్ట్ ఇన్ ట్వెయిన్' అని, నా గుండెను రెండుగా చీల్చావని, మళ్లీ 'దౌ'కు వస్తుంది. తల్లి కోపం, నొప్పి, లొంగుబాటు అన్నీ ఈ మూడు మార్పుల్లోనే నడిచాయి. 'యూ', 'దౌ' రెండూ ఒకే అర్థమని చదువుకుంటూ పోయేవారికి ఈ రంగం సగమే అందుతుంది.

'కింగ్ లియర్' మొదటి రంగంలో మరింత సాహసమైన మార్పు ఉంది. ముద్దుల కూతుర్ని వెళ్లగొడుతున్న ముసలి రాజును ఆపబోయిన కెంట్ ప్రభువు, మొదట 'రాయల్ లియర్' అంటూ తాను ఎప్పుడూ రాజుగా గౌరవించినవాడివని వినయంగానే మొదలుపెడతాడు. రాజు వినకపోయేసరికి 'వాట్ విల్ట్ దౌ డూ, ఓల్డ్ మాన్?' అంటాడు. నిండు సభలో రాజును పట్టుకుని 'ఏం చేద్దామనుకుంటున్నావు, ముసలాడా' అనడం అది. ఆ ఒక్క సర్వనామం దగ్గర కెంట్ తన పదవినీ ప్రాణాన్నీ పణంగా పెట్టాడు. దాని వెనక ఉన్నది ద్వేషం కాదు, ప్రేమే.

ఇంతటి మాట ఎందుకు పోయిందన్నదానికి బలంగా వినిపించే సమాధానం పట్టణ జీవితానికి సంబంధించింది. ఎదుటి మనిషి అంతస్తు ఏమిటో తెలియనప్పుడు 'యూ' అంటే ఎవరికీ నష్టం లేదు, 'దౌ' అంటే తగాదా రావచ్చు. అటువంటి చోట్ల క్షేమమైన మాటే నిలబడి, 17వ శతాబ్దం ముగిసేసరికి ప్రామాణిక సంభాషణలోంచి 'దౌ' తప్పుకుంది. ఆ శతాబ్దపు మధ్యలోనే జార్జ్ ఫాక్స్ నాయకత్వంలో మొదలైన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు దీనికి ఎదురు నిలిచారు. దేవుడి ముందు అందరూ సమానులే అయినప్పుడు ఒక్క మనిషిని బహువచనంతో పిలవడం అబద్ధమూ అహంకారానికి దాసోహమూ అని వాళ్ల వాదం. న్యాయాధికారినైనా ప్రభువునైనా 'దౌ' అనే పిలిచి, అందుకు తిట్లూ దెబ్బలూ తిన్నారు. ఫాక్స్ మరో ఇద్దరితో కలిసి 1660లో ఏకవచన బహువచనాల భేదాన్ని అనేక భాషల ఉదాహరణలతో నిరూపించే పుస్తకాన్నే ప్రచురించాడు. భాషాచరిత్రలో ఒక సర్వనామం కోసం ఇంత బాధ భరించినవాళ్లు అరుదు. కాలక్రమంలో వాళ్ల వాడుకలోనూ మార్పు వచ్చి, 'దౌ' బదులు 'దీ'నే కర్తగా నిలిపి 'దీ ఈజ్', 'దీ హాజ్' అనడం అలవాటయింది. షేక్‌స్పియర్ వ్యాకరణంతో కొలిచి దాన్ని తప్పు అనడం సరికాదు. అది ఆ సమాజపు సొంత వాడుక.

'దౌ' పోవడంతో ఇంగ్లిష్‌లో ఏర్పడిన ఖాళీ ఇంకా పూడలేదు. ఒక్కరా పలువురా అన్నది తెలియజేయడానికి 18వ శతాబ్దంలో చాలామంది ఒక్కరికి 'యూ వాజ్' అని వాడారు; 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో దాన్ని ఖండించాడు. బహువచనం కోసం అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 'యాల్', ఐర్లండ్‌లో 'యూజ్' పుట్టాయి. పాత ఏకవచనం మాత్రం ఉత్తర ఇంగ్లండ్ మాండలికాల్లో, ముఖ్యంగా యార్క్‌షైర్‌లో, 'దా' అనే రూపంలో బతికింది. అక్కడ దాన్ని గ్రంథభాషగా ఎవరూ భావించరు, గనుల్లో మిల్లుల్లో పనిచేసినవాళ్ల ఇంటిమాట అది.

మరి గౌరవవాచకమన్న భావన ఎక్కడి నుంచి వచ్చింది? సంభాషణలో చచ్చిపోయిన మాట ప్రార్థనలో మాత్రం నిలిచిపోవడం వల్ల. ఏ మాటనైనా తరతరాలుగా గుడిలో మాత్రమే వింటే అది పవిత్రంగా వినిపిస్తుంది. 1952లో పూర్తిగా వెలువడిన రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ బైబిల్‌లో మనుషులందరికీ 'యూ' పెట్టి, దేవుణ్ణి సంబోధించేచోట మాత్రం 'దౌ'ను ఉంచారు. చనువు మాటగా పుట్టినది అక్కడ అధికారికంగా గౌరవవాచకంగా తలకిందులైంది. 1989 నాటి కొత్త కూర్పులో దాన్ని తీసివేశారు. తెలుగు భక్తి సంప్రదాయం తెలిసినవారికి అసలు అర్థాన్ని పట్టుకోవడం కష్టం కాదు. అన్నమయ్య, రామదాసు, త్యాగయ్య దేవుణ్ణి 'నీవు' అనే పిలిచారు, చెరసాలలో రామదాసు రాముణ్ణి ఏకవచనంతోనే నిలదీశాడు. దాన్ని ఎవరూ అమర్యాద అనరు, దూరపు గౌరవమనీ అనరు.

ఈ కారణంగానే పాత ఇంగ్లిష్ నాటకాలను తెలుగు చేసే అనువాదకుడి చేతిలో, వాటిని నేటి ఇంగ్లిష్‌లోకి మార్చే సంపాదకుడికి లేని వెసులుబాటు ఉంది. అయితే 'దౌ' కనిపించినచోటల్లా 'నువ్వు', 'యూ' కనిపించినచోటల్లా 'మీరు' అని యాంత్రికంగా మార్చడం కుదరదు. ప్రాణస్నేహితులు 'యూ' అనుకునే చోట తెలుగులో 'మీరు' పెడితే వాళ్లు కొత్తగా పరిచయమైనవాళ్లలా కనిపిస్తారు. చూడవలసింది ఏ మాట వాడారన్నది కాదు, ఎక్కడ మార్చారన్నది. 'మాక్‌బెత్' మొదటి అంకం చివర, రాజును చంపడానికి వెనుకాడుతున్న భర్తను లేడీ మాక్‌బెత్ రెచ్చగొట్టే ప్రసంగంలో ఈ మార్పు ఒకే ఊపిరిలో జరుగుతుంది. నువ్వు తొడుక్కున్న ఆశ తాగి ఉన్నదా అని అడిగేటప్పుడు ఆమె 'వేరిన్ యూ డ్రెస్డ్ యువర్‌సెల్ఫ్' అంటుంది. రెండు మూడు పంక్తుల తర్వాత 'సచ్ ఐ అకౌంట్ దై లవ్' అని, నీ ప్రేమ విలువ కూడా ఇంతేనని లెక్కగడతాను అంటుంది. ఆ వెంటనే 'ఆర్ట్ దౌ అఫియర్డ్', భయమా నీకు, అని నిలదీసి, అదే వాక్యంలో 'దైన్ ఓన్ యాక్ట్' అంటుంది. అప్పటిదాకా భర్తతో 'మీరు' అంటున్న భార్యగా ఆమెను తెలుగులో నిలబెట్టిన అనువాదకుడు, 'మీ'ను 'నీ'గా మార్చవలసిన చోటు రాజహత్య ప్రస్తావన దగ్గర కాదు, పిరికితనపు నింద దగ్గర కూడా కాదు. ఆమె అతని ప్రేమకు వెల కట్టిన ఆ 'దై' దగ్గర.